కిలో పొడికి ఏడు కిలోల పండు

విజయవాడ గవర్నర్‌పేటలోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా కాఫీ పొడి కొట్టుకు వచ్చినవాళ్లు అడిగేవి మూడే: చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) ఎంత, పీబెర్రీ అనే గుండ్రటి గింజ ఉందా, కిలో ఎంత. ఈమధ్య నాలుగో ప్రశ్న మొదలైంది. ‘ఇది అరకుదేనా, అక్కడి రైతుకు ఏమైనా ముడుతోందా?’ అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ జవాబుగా వచ్చేది చాలాసార్లు ప్యాకెట్ మీద కొండల బొమ్మ, పండ్లు కోస్తున్న గిరిజన మహిళ ఫొటో, కింద రెండు మంచి మాటలు. వీటిలో రైతుకు ఎంత ముట్టిందో చెప్పేది ఏదీ లేదు.

అది తేలాలంటే చూడాల్సినవి వేరే ఉన్నాయి. సరుకు ఏ రూపంలో కొన్నారు, కాటా, తేమ ఎవరు చూశారు, డబ్బు ఏ నెలలో ఇచ్చారు, వచ్చే ఏడాది మళ్లీ కొంటారా. ఈ నాలుగూ తెలియకుండా ‘మేం ఎక్కువ ధర ఇస్తాం’ అంటే ఆ మాటకు విలువ లేదు. కిలోకు పది రూపాయలు ఎక్కువిచ్చి, తరుగు పేరుతో పదిహేను లాక్కోవడం ఏ పంటలోనూ కొత్త కాదు.

ముందు లెక్క. చెట్టు మీది పండులో గింజ వాటా చాలా తక్కువ. అరబికా అనే కాఫీ రకం ఎర్రటి పండు ఆరు కిలోలను పల్పర్‌లో తోలు తీసి, పులియబెట్టి, కడిగి ఎండబెడితే సుమారు కిలోంబావు పార్చ్‌మెంట్ వస్తుంది. అంటే పలుచటి గట్టి పొట్టుతో ఉన్న గింజ. ఆ పొట్టును మరలో తీస్తే దాదాపు కిలో క్లీన్ గింజ. వేయించేటప్పుడు మరో 15 నుంచి 18 శాతం బరువు పోతుంది. వెనక్కి లెక్కేస్తే కిలో అసలు కాఫీ పొడికి 1.2 కిలోల క్లీన్ గింజ, కిలోన్నర పార్చ్‌మెంట్, ఏడు కిలోలకు పైగా పండు కావాలి. వాలు నేలలో, నీడ చెట్ల కింద, పండినవే ఏరుతూ కోస్తే ఒక మనిషికి రోజుకు 30 నుంచి 50 కిలోల పండు వస్తుంది. పచ్చివీ ఎర్రవీ కలిపి కొమ్మ దూసేస్తే ఇంకా ఎక్కువే వస్తుంది, కానీ ఆ పచ్చి కాయ కప్పులో వగరుగా బయటపడుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కను హోటల్ వైపు నుంచి చూడాలి. ఫిల్టర్ కాఫీ కప్పుకు సుమారు పది గ్రాముల పొడి పడుతుందనుకుంటే కిలోకు వంద కప్పులు. పార్చ్‌మెంట్‌కు రైతుకిచ్చే ధర కిలోకు 50 రూపాయలు పెంచితే కిలో పొడి మీద పడేది 75 రూపాయలు, కప్పు మీద 75 పైసలు. 80 పాళ్ల కాఫీకి 20 పాళ్ల చికోరీ కలిపిన 80-20 పొడి అయితే 60 పైసలు, 60-40 అయితే 45 పైసలు. కప్పు మీద ఒకేసారి ఐదు రూపాయలు పెంచి ‘గింజల రేటు పెరిగిందండీ’ అనే హోటల్ మాటలో గింజల వాటా ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. పాలు, గ్యాస్, అద్దె సంగతి వేరు, వాటిని రైతు ఖాతాలో రాయకూడదు.

చికోరీ గురించి ఇక్కడే ఒక మాట. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద ఉండాలని ఆహార భద్రతా నిబంధన. చికోరీ రుచి కొందరికి ఇష్టం, అందులో తప్పేమీ లేదు. అయితే 60-40 ప్యాకెట్ మీద రాసిన రైతు సంక్షేమం అంతా ఆ 60కే వర్తిస్తుంది. రోజుకు రెండు కిలోల పొడి వాడే టిఫిన్ హోటల్ 60-40 నుంచి 80-20కి మారితే నెలకు 12 కిలోల కాఫీ అదనంగా కొన్నట్టు. ఏ సర్టిఫికెట్ ముద్రా లేని ఈ చిన్న మార్పు, నినాదాలున్న ఖరీదైన ప్యాకెట్ కన్నా ఎక్కువ గింజ కొనిపిస్తుంది. గల్లా దగ్గర ఎవరూ చెప్పుకోరు కాబట్టి ఎవరికీ తట్టదు.

ఏ రూపంలో కొన్నారు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు, చింతపల్లి, గూడెం కొత్తవీధి ప్రాంతాల్లో కాఫీ పండించేది పెద్ద ఎస్టేట్లు కాదు. ఎకరం, రెండెకరాల గిరిజన కుటుంబాలే ఎక్కువ. పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు దశాబ్దాలుగా ప్రోత్సహించిన పంట ఇది. పైన సిల్వర్ ఓక్ నీడ, ఆ మాను మీదికి పాకించిన మిరియాల తీగ, కింద అరబికా. నవంబరు నుంచి జనవరి దాకా ప్రధాన కోత.

ఈ రైతు దగ్గర సరుకు మూడు రూపాల్లో అమ్ముడవుతుంది. తాజా పండు, ఎండిన పార్చ్‌మెంట్, పండును తోలుతో సహా ఎండబెట్టిన చెర్రీ. మూడింటికీ మూడు ధరలు. పట్నంలో కొత్తగా కొనుగోలుకు దిగినవాళ్లు తడబడేది ఇక్కడే. వ్యాపారంలో చెర్రీ అంటే ఎండినది. కిలో చెర్రీ వెనక రెండున్నర నుంచి మూడు కిలోల పండు ఉంటుంది. చెర్రీ ధరను పండు ధర అనుకుని ‘ఇంత ఇస్తున్నారా’ అని మురిసిపోయినా, పండు ధరను పార్చ్‌మెంట్‌తో పోల్చి ‘ఇంత తక్కువా’ అని బాధపడినా రెండూ తప్పే. పండు ధరను ఐదుతో హెచ్చించి పార్చ్‌మెంట్ ధర పక్కన పెట్టి చూడాలి. రెండింటికీ మధ్య తేడా పల్పింగ్, కడుగుడు, ఎండబెట్టే ఖర్చుకు సరిపడా ఉంటే న్యాయం. అంతకు మించిందంటే ఆ మిగులు ఎవరికి పోతోందో అడగాలి.

పండు కొనడం మంచిదా, పార్చ్‌మెంట్ కొనడమా అన్నదానికి ఒకే సమాధానం లేదు. పండుగా కొంటే రైతుకు ఆ సాయంత్రమే డబ్బు చేతిలో పడుతుంది, నాణ్యత బాధ్యత కొన్నవాడిది. సహకార సంఘమో ప్రైవేటు సంస్థో ఒకేచోట పల్పింగ్ చేస్తే సరుకు ఒకేలా వస్తుంది. పార్చ్‌మెంట్‌గా కొంటే ఆ పనికి దక్కే విలువ ఇంటికే చేరుతుంది, కానీ చెడిపోతే నష్టమూ ఆ ఇంటిదే. ఎలా చెడిపోతుందో తెలియకుండా బేరానికి దిగితే కొనేవాడు న్యాయంగా ఉండలేడు.

కోసిన పండును అదే రోజు పల్పింగ్ చేయాలి. సంచిలో రాత్రంతా ఉంచితే లోపలే వేడెక్కి పులుస్తుంది. తోలు తీసిన గింజ మీది జిగురు పోవడానికి 24 నుంచి 36 గంటలు పులియబెడతారు. పిడికెడు తీసి పిసికితే జారకుండా గరగరలాడాలి, అప్పుడు కడగాలి. కొండ మీద డిసెంబరు చలికి ఈ గంటలు పెరుగుతాయి. నిన్నటి గింజ తొట్టిలో నేటి గింజ కలిపితే సగం ఎక్కువ పులిసి, సగం జిగురుతోనే మిగులుతుంది. చిన్న రైతుకు ఇదే పెద్ద సమస్య. ఒక రోజు కోత తొట్టికి చాలదు, రెండు రోజులది కలపక తప్పదు. ఎక్కువ పులిసిన గింజ కొన్ని ఉన్నా ఆ పులుపు, దుర్వాసన మొత్తం వేపుడుకు ఎక్కుతుంది.

ఆ తర్వాత ఎండ. పార్చ్‌మెంట్‌ను నాలుగు సెంటీమీటర్ల మందానికి మించకుండా పరచి, గంటకోసారి తిరగేసి, మంచు పడే ముందు కప్పాలి. మంచి ఎండ ఉంటే వారం పది రోజులు, పొగమంచు కమ్ముకుంటే ఇంకా ఎక్కువ. మట్టి నేల మీద పరిస్తే మట్టి వాసన, పొయ్యి ఉన్న గదిలో దాస్తే పొగ వాసన. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు మొదటి రోజే పలుచగా పరిస్తే పొట్టు పగిలి గింజ రంగు పాడవుతుంది. నేలకు నడుము ఎత్తులో వెదురు చట్రం, దానిపై వల, ఒక టార్పాలిన్ ఉంటే వీటిలో చాలా సమస్యలు పోతాయి. కొనుగోలుదారు రైతుకు సాయం చేయదలిస్తే ధరకు బోనస్ ప్రకటించే ముందు వలలు, టార్పాలిన్లు, ఊరికొక తేమ మీటరు ఇవ్వడం మేలు. బోనస్ ఒక్క సీజనుతో సరి, వల మూడు నాలుగు సీజన్లు పనికొస్తుంది.

కాటా, తేమ

గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి గుప్పెడు కాయ తీసి, రంగు చూసి, పిడికిలి బిగించి తేమ అంచనా కట్టి ధర చెప్పేస్తారు. తాలు ఎంత, తేమ ఎంత అన్న తీర్పు కొనేవాడిదే. కాఫీ సంతలోనూ అదే పద్ధతి. కానీ ఒక తేడా ఉంది. ధర నచ్చకపోతే మిర్చి రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలలు ఆగగలడు. పండు ఒక రాత్రి కూడా ఆగదు, సరిగా ఎండని పార్చ్‌మెంట్ వారంలో బూజు పడుతుంది. ఆగలేనివాడికి బేరం ఉండదు.

పార్చ్‌మెంట్‌కు ప్రమాణం పది శాతం తేమ. ఆ లెక్కన 50 కిలోలు తూగాల్సిన సంచి 14 శాతం తేమతో ఉంటే 52.3 కిలోలు తూగుతుంది. న్యాయమైన తరుగు 2.3 కిలోలే. చేత్తో తడిమి ‘పచ్చిగా ఉంది’ అని సంచికి ఐదు కిలోలు కోస్తే 2.7 కిలోలు ఉత్తపుణ్యానికి పోయినట్టు. పది సంచుల మీద 27 కిలోలు, అంటే సగం సంచికి పైగా. కిలోకు ఎంత ఎక్కువిచ్చామని చెప్పుకున్నా ఈ సగం సంచిని అది పూడ్చదు. అందుకే మీటరు రైతు కళ్ల ముందు పెట్టాలి, అంకె చీటీ మీద రాయాలి, తరుగు పట్టిక ముందే ఊళ్లో అంటించాలి. మీటరు కూడా తప్పు చూపిస్తుంది. దాన్ని క్లీన్ గింజకు సరిచూసి ఉంచి పార్చ్‌మెంట్ పోస్తే అంకె తేడా వస్తుంది. నమూనా నుంచి పొట్టు తీసి గింజను కొలవడమే ఉత్తమం. మీటరు లేని చోట గింజ రంగు నీలం కలిసిన పచ్చకు తిరగడం, పంటి కింద మెత్తగా దిగకపోవడం పాత గుర్తులు.

అవుట్‌టర్న్, అంటే పొట్టు తీశాక మిగిలే గింజ శాతం కూడా అక్కడే చూడొచ్చు. వంద గ్రాముల పార్చ్‌మెంట్ పొట్టు తీస్తే 80 గ్రాముల దరిదాపు క్లీన్ గింజ రావాలి. 74 వచ్చిందంటే తాలు, పురుగు తొలిచినది, పొట్టు మిగులు ఉన్నట్టు. ఈ పరీక్షకు పది నిమిషాలు. సరుకు ఘాట్ దిగి విజయవాడ చేరాక చేసి, బాగాలేదని తిప్పి పంపితే రెండువైపుల కిరాయి రైతు మీదే పడుతుంది.

డబ్బు ఏ నెలలో

కాఫీ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది. ఖర్చు మాత్రం జూన్‌లో బడి పుస్తకాలతో మొదలై వర్షాల్లో జ్వరాలతో, అక్టోబరులో కలుపుతో సాగుతుంది. ఆ నెలల్లో అప్పిచ్చే షావుకారు వడ్డీ రూపంలో కాక సరుకు రూపంలో వసూలు చేసుకుంటాడు. డిసెంబరులో పార్చ్‌మెంట్ ఇస్తానన్న మాట మీద ఆగస్టులో డబ్బు ఇస్తే ధర అప్పుడే ఖాయమైపోతుంది. మన్యంలో ఈ బంధం నుంచి గిరిజనుల్ని తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ ఏర్పడింది. సీజన్ ముందు జీసీసీ ప్రకటించే కొనుగోలు ధరే ఇవాళ్టికీ ఆ కొండల్లో బేరానికి ఆసరా. ప్రైవేటు వ్యాపారి ధర జీసీసీ కన్నా ఐదు రూపాయలు ఎక్కువో తక్కువో అన్నది సంతలో అందరి నోటా ఉంటుంది. నాంది ఫౌండేషన్ అండతో ఏర్పడిన చిన్న, సన్నకారు గిరిజన రైతుల సహకార సంఘం మరో దారి చూపింది. అక్కడి గింజ ‘అరకు’ బ్రాండుతో 2017లో పారిస్‌లో దుకాణం దాకా వెళ్లింది.

రైతుకు న్యాయమైన ధర అందేలా చూసే అంతర్జాతీయ ముద్ర ఫెయిర్‌ట్రేడ్. దాని నిబంధనల్లో అందరూ చెప్పుకునేది కనీస ధర. కనీస ధర కన్నా పదునైన నిబంధన ముందస్తు చెల్లింపు. సంఘం అడిగితే ఒప్పందం విలువలో 60 శాతం వరకు కొనుగోలుదారు ముందే సమకూర్చాలి. ఆ డబ్బు లేకపోతే సంఘం రైతుకు నగదు ఇవ్వలేకపోతుంది, పక్కనే వ్యాపారి నోట్లు లెక్కపెడుతుంటే రైతు సంఘం కోసం ఎదురుచూడడు. పెరూలోనైనా ఇథియోపియాలోనైనా పాడేరులోనైనా సహకార సంఘాలు తడబడేది ఎక్కువగా ఈ నగదు దగ్గరే.

ముద్రలు ఏం చెబుతాయి

1962లో మొదలైన అంతర్జాతీయ కాఫీ ఒప్పందం దేశాలకు ఎగుమతి కోటాలు కట్టి ధర పడిపోకుండా పట్టి ఉంచింది. 1989 జులైలో ఆ కోటాలు కూలాయి. అంతకు ఏడాది ముందే, 1988లో, మెక్సికో చిన్న రైతుల కాఫీతో నెదర్లాండ్స్‌లో మాక్స్ హావెలార్ ముద్ర మొదలైంది. నేటి ఫెయిర్‌ట్రేడ్‌కు అదే మూలం. ఇక్కడ కూడా పంటనంతా కాఫీ బోర్డుకు అప్పగించే పూలింగ్ విధానం 1990ల మధ్యకల్లా ముగిసింది. అప్పట్నుంచి కొండ మీది ధరకు న్యూయార్క్ ఎక్స్చేంజీయే కొలత. అక్కడ అరబికా పౌండు ధర 2001లో 50 సెంట్ల కిందికి పడింది, 2019లో 90 సెంట్ల కిందికి జారింది, 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటింది. బ్రెజిల్‌లో కరువు వస్తే చింతపల్లి రైతుకు ధర పెరగడం, అక్కడ పంట విరగకాస్తే ఇక్కడ తగ్గడం ఇలాగే.

ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు పౌండుకు 1.80 డాలర్లు. కిలో లెక్కన దాదాపు నాలుగు డాలర్లు. మార్కెట్ దానికి పైన ఉంటే మార్కెట్ ధరే ఇవ్వాలి. దానిపై పౌండుకు 20 సెంట్ల ప్రీమియం, సేంద్రియమైతే మరో 40 సెంట్లు. ఇది క్లీన్ గింజకు, ఓడరేవు దగ్గర, సంఘానికి చేరే ధర. రైతు ఇంటి ముందు ధర కాదు. పొట్టు తీయడం, రవాణా, సంఘం నిర్వహణ పోగా మిగిలింది రైతుది. ప్రీమియం ఎలా ఖర్చు పెట్టాలో సభ్యుల సమావేశం తేలుస్తుంది, అందులో కనీసం నాలుగో వంతు నాణ్యతకో దిగుబడికో పెట్టాలి. ఇంకో చిక్కు, సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పంటంతా ఆ ధరకు అమ్ముడుపోదు. కొనేవాళ్లు దొరికినంతే ఆ షరతులపై పోతుంది, మిగతాది మామూలు మార్కెట్టుకే. సర్టిఫికెట్ ఫీజు మాత్రం మొత్తానికీ కట్టాలి.

రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ ముద్రలో కనీస ధర లేదు. మార్కెట్ ధరపై కొంత అదనం ఇవ్వాలంటుంది, ఎంతన్నది బేరం. సేంద్రియ ముద్ర ఎరువులు, మందుల గురించి చెబుతుంది, రైతుకిచ్చిన ధర గురించి ఒక్క ముక్కా చెప్పదు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు వచ్చిన భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది. రొబస్టా అనే వేరే రకం కలిపిన పొడికి ఆ పేరు తగిలిస్తే అడిగే హక్కు ఇస్తుంది. ధరకు హామీ అదీ ఇవ్వదు. ఒకటి మాత్రం ప్యాకెట్ మీద కనిపిస్తే నిలదీయాలి: ‘అరకులో మా సొంత తోట’. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడమే కాదు, కౌలుకు తీసుకోవడం కూడా చెల్లదు.

ఎగుమతి వైపు కొత్త షరతు యూరోపియన్ యూనియన్ అడవుల నరికివేత నిరోధక చట్టం. 2023లో వచ్చింది, అమలు మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండలేదని, తోట ఎక్కడుందో మ్యాపు మీద అక్షాంశ రేఖాంశాలతో చూపాలంటుంది. ఎస్టేటుకు ఒక ఫైలు చాలు. ఎకరం రైతులు వెయ్యి మంది ఉన్న సంఘానికి వెయ్యి ఫైళ్లు, అందులోనూ అటవీ హక్కుల పట్టా కాగితాలు సరిగా లేనివాళ్లు ముందు ఆ మార్కెట్టుకు దూరమైపోతారు. గుంటూరు జిల్లాకు ఇది దూరపు సంగతి కాదు. పసుపుకు పేరుపడ్డ దుగ్గిరాల నుంచే మూడు దశాబ్దాలుగా ఇన్‌స్టంట్ కాఫీ ప్రపంచమంతా వెళుతోంది. గింజ ఎక్కడిదన్న ప్రశ్న అక్కడికీ వస్తుంది.

ఒక కొట్టు, పదిహేను సంచులు

విజయవాడలో ఏడాదికి 500 కిలోల అరకు పొడి అమ్మే కొట్టు ఉందనుకుందాం. దానికి 600 కిలోల క్లీన్ గింజ, అంటే 750 కిలోల పార్చ్‌మెంట్, 50 కిలోల సంచులు పదిహేను కావాలి. ఇంటికి 150 కిలోల చొప్పున ఐదు కుటుంబాల సరుకు. ఒక ఊరి సంఘమో రైతు ఉత్పత్తిదారుల కంపెనీయో గిరిజనుల ఉత్పత్తుల కోసం పెట్టిన వన్‌ధన్ కేంద్రమో ద్వారా కొంటే కాగితం పని ఒకేచోట అవుతుంది.

మాట కుదరాల్సింది సెప్టెంబరులో. ఒప్పందం ఒక పేజీ, తెలుగులో. సరుకు పార్చ్‌మెంట్, తేమ పది శాతం, పదకొండు దాటితే పట్టిక ప్రకారం తరుగు, అవుట్‌టర్న్ 78కి తగ్గకూడదు. ధర స్థిరంగా రాయడం రెండువైపులా ప్రమాదం. 2024, 2025లో ప్రపంచ ధర ఎగబాకినప్పుడు ముందే ధర కట్టుకున్న సంఘాలు ఇబ్బంది పడ్డాయి. రైతులు బయట ఎక్కువకు అమ్ముకున్నారు, సంఘం మాట తప్పినట్టయింది. కాబట్టి ‘ఇరువురూ ఒప్పుకున్న కనీస ధర, జీసీసీ ప్రకటించిన ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది, దానిపై నాణ్యతకు ఇంత’ అని రాయాలి. రేటు పడితే కనీస ధర రైతును కాపాడుతుంది, పెరిగితే రైతు పక్కకు పోవాల్సిన పని ఉండదు.

డబ్బు మూడు విడతలు. అక్టోబరులో మూడో వంతు, వడ్డీ లేకుండా. సరుకు ఊళ్లో తూచిన వారం లోపు మిగతాదంతా బ్యాంకు ఖాతాలో. సరుకు అమ్ముడయ్యాక లాభంలో ముందే చెప్పిన శాతం, చిన్నదైనా సరే, ఏప్రిల్, మే నెలల్లో. ఆ నెలల్లో చేతిలో పడే కొద్ది మొత్తం ఆగస్టు అప్పు అవసరాన్ని తగ్గిస్తుంది. ప్రతి సంచి నుంచి 300 గ్రాముల నమూనా తీసి, కలిపి, రెండు భాగాలుగా సీలు వేయాలి. ఒకటి సంఘం దగ్గర, ఒకటి కొట్టులో. తర్వాత వాసన వచ్చిందని తగువు వస్తే ఊళ్లోనే చెడిందా, దారిలో చెడిందా అన్నది ఆ సీలు విప్పితే తేలుతుంది.

కొట్టువాళ్లు తరచూ చేసే అన్యాయం ఒకటి ఉంది, దాన్ని అన్యాయమని వాళ్లు అనుకోరు కూడా. పీబెర్రీ, ఏ గ్రేడు మాత్రమే కావాలంటారు. పీబెర్రీ అంటే పండులో రెండు గింజలకు బదులు గుండ్రంగా ఒకటే ఏర్పడినది, పంటలో పదో వంతు ఉంటే ఎక్కువ. 6.65 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచేది ఏ గ్రేడు, ఆ కింద బీ, సీ, ఆపై నల్ల గింజలు, ముక్కలు. మంచివి ఏరి మంచి ధర ఇచ్చి మురిస్తే మిగతా సగం సరుకు రంగు వెలసిన లాటుగా సంతలో అడిగినంతకు పోతుంది. మొత్తం మీద రైతుకు దక్కిన సగటు మామూలు కన్నా తక్కువే కావచ్చు. లాటంతా ఒకే ధరకు కొని గ్రేడింగ్ కొట్టే చేసుకోవాలి. బీ, సీ గింజలు చిన్నవే తప్ప చెడ్డవి కావు, ఫిల్టర్ పొడికి నిక్షేపంగా పనికొస్తాయి. సైజుల వారీగా వేయిస్తే సరి, కలిపి వేయిస్తే చిన్నవి మాడతాయి.

మిరియాలూ అడగాలి. అదే తోటలో, అదే ఇంటివాళ్లు పండించినవి. కాఫీకి కాటా, మీటరు తీసుకెళ్లిన వాహనమే మిరియాలు తెస్తే వాటికీ సంత తరుగు తప్పుతుంది.

నిల్వలో తీరం వాతావరణం పగ పడుతుంది. విజయవాడ వేడికి, జులై తేమకు క్లీన్ గింజ నాలుగైదు నెలల్లో రంగు వెలసి పాత గోనె వాసన పట్టేస్తుంది. పొట్టుతో ఉంచి, రెండు నెలలకు సరిపడా చొప్పున మర ఆడించుకోవాలి. చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంలో. మిర్చి, పసుపు ఉన్న గోడౌన్‌లో అద్దె చవకని పెడితే ఆ ఘాటు గింజలో దిగుతుంది, వేయించినా పోదు. అలా పాడైన సరుకుకు రైతును నిందించిన సందర్భాలు లేకపోలేదు.

2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనిపించాక సంచులు కూడా ఒప్పందంలోకి రావాలి. 1990లో నీలగిరి ప్రాంతంలో మొదట బయటపడి కర్ణాటక, కేరళ, తమిళనాడు తోటల్ని పీడించిన ఈ పురుగు కాయలోనే పెరిగి, తేమ ఎక్కువున్న గింజలో నిల్వలోనూ బతుకుతుంది. కర్ణాటక గింజ వచ్చిన గోనె సంచుల్నే ఖాళీ చేసి అరకుకు పంపడం కొట్లలో మామూలు, అది మానేయాలి. కొత్త సంచులు కొట్టు ఖర్చుతోనే ఇవ్వాలి, పదిహేను సంచులకు అదేమంత భారం కాదు. తోటలో చివరి కాయ దాకా కోయడం, రాలినవి ఏరడం, పురుగు పట్టినవాటిని మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచడం రైతు చేయాల్సిన పని. రాలిన కాయ ఏరే కూలికి తగ్గ విలువ ఆ కాయలో ఉండదు, అందుకే చాలామంది వదిలేస్తారు. ఆ రెండు రోజుల కూలిని ఒప్పందంలో విడిగా ఒక పద్దుగా రాస్తే పని జరుగుతుంది.

రెండో ఏడు వెళ్లకపోతే మొదటి ఏడు చేసింది రైతుకు చిక్కే తెచ్చిపెడుతుంది. పట్నం కొట్టును నమ్మి షావుకారుకు సరుకివ్వని కుటుంబానికి మరుసటి ఆగస్టులో అప్పు పుట్టదు. కొనలేని పరిస్థితి వస్తే జూన్‌లోపే సంఘానికి చెప్పాలి. అప్పటికి జీసీసీతోనో వేరే కొనుగోలుదారుతోనో మాట్లాడుకునే వ్యవధి ఉంటుంది. అరబికా మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి ఒప్పందం కనీసం మూడు సీజన్లకు రాసుకుని, ధర సూత్రాన్ని మాత్రం ఏటా సెప్టెంబరులో కూర్చుని సరిచూసుకోవడం ఇద్దరికీ వీలు.